తెలుగు గుమ్మంలోంచి జపనీస్



అమెరికా ప్రభుత్వానికి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక శిక్షణ సంస్థ ఉంది. పరాయి దేశాలకు పంపే దౌత్యోద్యోగులకు అక్కడ భాషలు నేర్పుతారు. దశాబ్దాల అనుభవం మీద వాళ్ళొక పట్టిక వేసుకున్నారు. ఏ భాషలో ఉద్యోగం నడుపుకునే స్థాయికి రావాలంటే ఎన్ని గంటల తరగతులు పడతాయన్నది ఆ పట్టిక. స్పానిష్, ఫ్రెంచి లాంటివాటికి 600 నుంచి 750 గంటలు. మన తెలుగుకీ, తమిళానికీ, హిందీకీ సుమారు 1100. అరబిక్, చైనీస్, కొరియన్, జపనీస్ భాషలకి మాత్రం 2200 గంటలు. వేరే పని ఏదీ పెట్టుకోకుండా కూర్చుంటే 88 వారాలు.

జపనీస్ మొదలుపెడదామా అనుకుంటున్న ప్రతివాళ్ళకీ ఎవరో ఒకరు ఈ అంకె చెప్పి భయపెడతారు. ముప్పై అయిదేళ్ళ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కావచ్చు. జపాన్‌లో వృద్ధుల సంరక్షణ ఉద్యోగానికి వెళ్దామనుకుంటున్న నర్సు కావచ్చు. కొడుకూ కోడలూ టోక్యోలో ఉన్నారు కదా, వెళ్ళినప్పుడు పక్కింటివాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడదామనుకుంటున్న రిటైరైన మాస్టారు కావచ్చు. "అమ్మో, ప్రపంచంలోకెల్లా కష్టమైన భాషటండీ, ఈ వయసులో మనకెందుకు?" అని పుస్తకం మూసేస్తారు.

ఆ పట్టిక తప్పని నేననను. కాకపోతే అది ఇంగ్లీషు మాతృభాషగా పెరిగినవాళ్ళ కోసం వేసిన పట్టిక. వాళ్ళకి స్పానిష్ దగ్గర, జపనీస్ దూరం. మనం బయల్దేరుతున్న చోటు వేరు కాబట్టి మన దూరం మనమే కొలుచుకోవాలి. పెద్దయ్యాక సొంతంగా జపనీస్ నేర్చుకునే తెలుగువాళ్ళని చూస్తుంటే నాకు అనిపించేది ఒకటే. వాళ్ళు పడే అవస్థలో చాలా భాగం జపనీస్ పెట్టింది కాదు, ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళడం వల్ల వచ్చింది. ఇవాళ ఆ సంగతి మాట్లాడుకుందాం.

'నిన్న కొన్న పుస్తకం' అంటాం మనం. జపనీస్‌లో 'కినో కత్త హొన్'. కినో అంటే నిన్న, కత్త అంటే కొన్న, హొన్ అంటే పుస్తకం. మూడు మాటలూ మన వరసలోనే ఉన్నాయి. ఇదే ఇంగ్లీషులో చెప్పాలంటే పుస్తకం ముందుకొస్తుంది, నిన్న చివరికి పోతుంది, మధ్యలో అతుకు పడుతుంది. అందుకని ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో ఈ నిర్మాణానికి ఒక పాఠమంతా కేటాయిస్తారు. క్రియ వచ్చి నామవాచకం ముందు కూర్చుంటుంది చూడండి అని ఆశ్చర్యంగా వివరిస్తారు. మనమేమో ఆ పాఠం చదివి, ఇంగ్లీషువాడికి వింతైనదాన్ని మనమూ వింత అనుకుని, బట్టీ పడతాం. పుట్టినప్పట్నించీ మన నోట్లో ఉన్న వాక్యాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నట్టవుతుంది.

విభక్తులూ అంతే. 'టోక్యోనుంచి ఒసాకాదాకా' అనడానికి 'తోక్యో కర ఓసక మదె' అంటారు. కర అంటే నుంచి, మదె అంటే దాకా. ఊరిపేరు తరవాతే వస్తాయి, మనకి వచ్చినట్టే. 'టోక్యోకి' అంటే 'తోక్యో ని'. వాళ్ళ 'ని' మన 'కి' అన్నమాట, మన 'ని' అనుకుంటే తికమక పడతారు. ప్రశ్న వేయాలంటే వాక్యాన్ని తిరగేయనక్కర్లేదు. మనం 'వెళ్తారు'కి చివర ఆ చేర్చి 'వెళ్తారా' అన్నట్టు, వాళ్ళు 'ఇకిమస్'కి చివర క చేర్చి 'ఇకిమస్ క' అంటారు. ఇక్కడ, అక్కడ, ఎక్కడ అని మనం మొదటి అక్షరం మార్చుకుంటూ పోతామే, వాళ్ళకీ అలాంటి వరసే ఉంది: కొకొ, సొకొ, అసొకొ, దొకొ. మనకన్నా ఒకటి ఎక్కువ, ఎందుకంటే ఎదుటివాడి దగ్గరున్న చోటుకి వాళ్ళు విడిగా ఒక మాట పెట్టుకున్నారు.

ఇంకా లోపలికి వెళ్తే అసలు తమాషా మొదలవుతుంది. 'దుకాణానికి వెళ్ళి, కూరగాయలు కొని, ఇంటికి తిరిగొచ్చాను' అంటాం. వెళ్ళి, కొని, తిని, చూసి: మన వ్యాకరణంలో వీటిని క్త్వార్థకాలంటారు. జపనీస్‌లో 'మిసె ని ఇత్తె, యసాయి ఒ కత్తె, ఉచి ని కయెరిమషిత'. ఇత్తె అంటే వెళ్ళి, కత్తె అంటే కొని. తెలంగాణలో 'పోయి' అంటే ఇత్తె పక్కన పోయి అని రాసుకోండి, మీ ఇంటి మాటే మీకు సరైన అర్థం. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని 'తె రూపం' అని పిలిచి, ఇక్కడ ఇలా, అక్కడ అలా అని డజను ఉపయోగాలు జాబితా వేస్తారు. ఆ జాబితాలో చాలావాటిని మనం బట్టీ పట్టే పనే లేదు. 'తిని చూడండి' అన్నదానికి వాళ్ళు 'తబెతె మితె కుదసాయి' అంటారు. తబెతె అంటే తిని, మితె అన్నది చూడటమే. రుచి చూడటానికి కన్నుతో పనేముంది అని మనం ఎప్పుడూ అడగలేదు, జపాన్‌వాళ్ళూ అడగలేదు. 'ముందే కొని పెట్టు' అన్నదానికి 'కత్తె ఒకు'. కత్తె కొని, ఒకు పెట్టు. 'మర్చిపోయాను', 'తినేశాను' అని మనం పో, వేయి క్రియల్ని తగిలించి, పని కాస్తా అయిపోయిందని సూచిస్తాం. వాళ్ళు అదే పనికి 'షిమౌ' అనే క్రియని తగిలిస్తారు. 'వస్తానని అన్నాడు'లో మన 'అని' ఎక్కడుందో 'కురు తొ ఇత్త'లో వాళ్ళ 'తొ' అక్కడే ఉంది.

ఇదంతా విన్నాక మనం, వాళ్ళు ఒకప్పుడు చుట్టాలమా అనే ప్రశ్న వస్తుంది. ఒనో సుసుము అనే జపాన్ పండితుడు జపనీస్‌కీ తమిళానికీ చుట్టరికం ఉందని చాలాకాలం వాదించాడు. భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. కొరియన్‌లోనూ, టర్కిష్‌లోనూ కూడా క్రియ చివరే వస్తుంది మరి. చుట్టరికం లేకపోయినా మనకి నష్టమేమీ లేదు, నేర్చుకునేవాడికి పోలిక చాలు.

ఇంగ్లీషు మీదుగా వెళ్తే మాత్రం ఏమైంది, ఎంతమంది నేర్చుకోలేదు అని మీరనవచ్చు. నిజమే. హంగరీలో కాటో లోంబ్ అనే ఆవిడ ఉండేవారు. 1909లో పుట్టి 2003లో పోయారు. రసాయనశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకుని, ఆర్థికమాంద్యంలో ఉద్యోగం దొరక్క, భాషలతో బతుకుదామని నిశ్చయించుకున్నారు. ఇంగ్లీషు ఒక గాల్స్‌వర్దీ నవల పెట్టుకుని నేర్చుకున్నారు. రెండో ప్రపంచయుద్ధకాలంలో రష్యన్ నేర్చుకోవడానికి ఆవిడకి దొరికింది పాత రష్యన్-ఇంగ్లీషు నిఘంటువు. హంగరీలో అప్పుడు రష్యన్ పుస్తకం చేతిలో కనబడితే ప్రమాదం. గొగోల్ రాసిన 'మృతజీవులు' నవల కాగితాల్ని ఒక హంగేరియన్ విజ్ఞానసర్వస్వం పేజీల మధ్య పెట్టి కుట్టి, బాంబుల భయానికి తలదాచుకున్న నేలమాళిగలో కూర్చుని చదివారు. యుద్ధం ముగిసే నాటికి రష్యన్ దుబాసీ అయ్యారు. తరవాత చైనీస్, జపనీస్ కూడా వృత్తిలో వాడారు. ఆవిడ పద్ధతిలో నాకు నచ్చేది, తెలియని మాట తగిలిన ప్రతిసారీ నిఘంటువు తీయకపోవడం. కథ ముందుకు లాగుతుంటే వెళ్ళిపోవాలి, అవసరమైన మాట మళ్ళీ మళ్ళీ ఎదురై తన అర్థం తనే చెబుతుంది అన్నది ఆవిడ నమ్మకం. మధ్యలో వేరే భాష ఉన్నా ఆవిడ దాని దగ్గర ఆగిపోలేదు, నవల్లోకి దూకేశారు. మనం చాలామందిమి ఆగిపోయేది అక్కడే. జపనీస్ గురించి ఇంగ్లీషులో చదువుతూ ఏడాది గడిపేస్తాం.

ఇక చెవి సంగతి. రేడియోలో మాట్లాడుతూ చెవి గురించి చెప్పకపోతే ఎలా? జపనీస్‌లో హ్రస్వ దీర్ఘాలు అర్థాన్ని మార్చేస్తాయి. 'ఒబసాన్' అంటే పిన్ని, అత్త వరసావిడ, 'ఒబాసాన్' అంటే అమ్మమ్మ, నాయనమ్మ. ద్విత్వాలూ అంతే. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ళ. ఇంగ్లీషువాళ్ళు ఈ తేడా వినడానికే నెలలు తంటాలు పడతారు. కల, కాల, మొగ, మొగ్గ అని వేరుగా పలుకుతూ పెరిగిన మనకి వినగానే తెలుస్తుంది. పైగా జపనీస్ మాటల్లో అత్యధికం అచ్చుతో ముగుస్తాయి, తెలుగు మాటల్లాగే. అందుకే ఇంగ్లీషు మాట అరువు తెచ్చుకున్నప్పుడు ఇద్దరం ఒకే పని చేశాం, చివర ఒక ఉకారం తగిలించాం. మన సూపు వాళ్ళకీ సూపే. టేపు టేపే. పైపు పైపే. కప్పు కప్పే. మనం బస్సు అంటే వాళ్ళు 'బసు' అంటారు. ఇంగ్లీషు బడిలో చదివినవాళ్ళు జపనీస్ మాట్లాడేటప్పుడు ఈ మాటల్ని పట్టుబట్టి ఇంగ్లీషులా పలికి, ఎదుటివాళ్ళకి అర్థం కాకుండా చేసుకుంటారు. మన అమ్మమ్మలు పలికినట్టు పలికితే టోక్యోలో నిక్షేపంగా చెల్లుతుంది.

అక్షరమాల వరస కూడా వినండి. అ, ఇ, ఉ, ఎ, ఒ. తరవాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్టు లేదూ? బౌద్ధ భిక్షువులు సంస్కృత మంత్రాల కోసం సిద్ధం లిపి చదువుకున్నారు, ఆ చదువులోంచి మన వర్ణమాల క్రమం జపాన్ చేరింది. స ఉన్నచోట మనకి చ, హ ఉన్నచోట మనకి ప ఉంటాయి. వాళ్ళ హ ప్రాచీనకాలంలో ప గానే పలికేదని పండితులు చెబుతారు. జపాన్ నిఘంటువులు నేటికీ ఈ వరసలోనే ఉంటాయి.

ఇంతకీ పెద్దవయసు మాట. ఇక్కడ మీకో రేడియో మనిషి కథ చెప్పాలి. హిరకవ తదయిచి 1902లో జపాన్‌లోని ఒకయామ ప్రాంతంలో పుట్టాడు. 1918లో, అమెరికాలో కూలిపని చేస్తున్న తండ్రి దగ్గరికి వెళ్ళాడు. తనూ రైలుపట్టాల పనిలో చేరాడు. ఇంగ్లీషు రాదు. ఏం చేయాలి? మీసాలొచ్చే వయసులో వెళ్ళి సియాటెల్‌లో చిన్నపిల్లల మధ్య ప్రాథమిక పాఠశాల బెంచీ మీద కూర్చున్నాడు. అక్కణ్ణించి మొదలై వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నాటకకళ చదివి బయటపడ్డాడు. స్వదేశం తిరిగొచ్చి ఎన్.హెచ్.కె. రేడియోలో ఇంగ్లీషు అనౌన్సరయ్యాడు. 1945 ఆగస్టు 15న చక్రవర్తి లొంగుబాటు ప్రకటనని విదేశీ ప్రసారంలో ఇంగ్లీషులో చదివిన గొంతు ఆయనదే.

ఆర్నెల్లు తిరక్కుండా, 1946 ఫిబ్రవరి 1న, అదే గొంతు ఒక పిల్లల పాట వరసకి ఇంగ్లీషు మాటలు కట్టి పాడిస్తూ రేడియోలో ఇంగ్లీషు పాఠం మొదలుపెట్టింది. జపాన్‌లో అప్పుడు తిండి లేదు, ఊళ్ళు బూడిదైపోయి ఉన్నాయి, వీధుల్లో అమెరికన్ సైనికులు తిరుగుతున్నారు. అలాంటి సమయంలో సాయంత్రం పావుగంట సేపు, కాఫీలూ టిఫిన్లూ, అమ్మా పిల్లాడూ మాట్లాడుకునే మాటలూ నేర్పుతాడీయన. దేశమంతా ఆ పాఠం అతుక్కుపోయి విన్నది. వినేవాళ్ళు ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు. 1951 దాకా ఎన్.హెచ్.కె.లోనూ, ఆ పైన 1955 దాకా ప్రైవేటు స్టేషన్లలోనూ నడిచింది. పసిపిల్లలు అమ్మ మాటని అనుకరించినట్టు అనుకరించండి, చదువులా కాకుండా ఆటలా తీసుకోండి అన్నది హిరకవ బోధ.

ఆయనంటే నాకు గౌరవమే గానీ, ఆ బోధలో సగమే ఒప్పుకుంటాను. సిగ్గు లేకుండా గొంతెత్తి అనుకరించడం వరకూ పసిపిల్లలవ్వాల్సిందే. మిగతా సగంలో పెద్దవాళ్ళకే మేలు ఎక్కువ. 1978లో కేథరిన్ స్నో, మరియన్ హూఫ్‌నాగెల్-హోలె అనే ఇద్దరు పరిశోధకులు నెదర్లాండ్స్‌కి కొత్తగా వచ్చి డచ్ నేర్చుకుంటున్న ఇంగ్లీషు మాతృభాషీయుల మీద ఒక అధ్యయనం ప్రకటించారు. మొదటి నెలల్లో ముందున్నది పన్నెండు, పదిహేనేళ్ళ మధ్యవాళ్ళూ, పెద్దవాళ్ళూ. అందరికన్నా వెనకున్నది మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలు. కాలం గడిచేకొద్దీ పిల్లలు అందుకుంటారు, యాసలో దాటిపోతారు కూడా. కానీ మొదట్లో పెద్దవాళ్ళే వేగం. ఎందుకంటే పసిపిల్లకి ఇంకా ఏ భాషా పూర్తిగా లేదు. మనకి ఒకటుంది. 'ఇత్తె అంటే వెళ్ళి' అని ఒక్క ముక్క చెబితే, వెళ్ళి అన్న మాటతో నలభై ఏళ్ళుగా మనం చేస్తున్న విన్యాసాలన్నీ వెంటనే అక్కరకొస్తాయి.

ఆ ముక్క చెప్పేవాళ్ళేరీ అంటే, అదే చిక్కు. ఎన్.హెచ్.కె. వాళ్ళ ఉచిత జపనీస్ పాఠాలు హిందీలో ఉన్నాయి, బెంగాలీలో ఉన్నాయి, తెలుగులో లేవు. 1998లో వచ్చిన 'మిన్న నొ నిహొంగొ' ఇప్పటికీ ఎక్కువమంది పట్టుకునే పాఠ్యపుస్తకం. అసలు పుస్తకమంతా జపనీస్‌లోనే ఉంటుంది, వివరణ పుస్తకం విడిగా కొనుక్కోవాలి. మనవాళ్ళు కొనేది ఇంగ్లీషు వివరణ. కొనండి, తప్పులేదు. అయితే పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని ప్రతి జపనీస్ వాక్యం కిందా మాటకి మాట తెలుగు రాయండి. పత్రికల తెలుగు వద్దు, మీరు ఇంట్లో మాట్లాడే తెలుగు రాయండి. ఎక్కడ వరస సరిపోతే అక్కడ వివరణ దాటేయండి. ఎక్కడ సరిపోకపోతే అక్కడ ఆగండి, అసలు పాఠం అక్కడుంది.

సరిపోనివి లేవని కాదు. 'వ', 'గ' అని రెండు ప్రత్యయాలున్నాయి. మొదటిది కొంతవరకు మన 'నేనైతే'లో 'అయితే' లాంటిది, కానీ మనకన్నా వాళ్ళు చాలా ఎక్కువగా వాడతారు. విశేషణాలకి కాలం ఉంటుంది. ఎత్తుగా ఉంది అంటే 'తకాయి', ఎత్తుగా ఉండేది అంటే 'తకకత్త'. క్రియ చూసి మనిషిని పోల్చుకోలేం, వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు అన్నీ 'ఇకిమస్'లే. వీటికి మాత్రం కసరత్తు చేయాలి.

అన్నిటికీ మించి కంజి. చైనా నుంచి తెచ్చుకున్న బొమ్మ అక్షరాలు. నిత్యవ్యవహారానికి జపాన్ ప్రభుత్వం నిర్ణయించిన జాబితాలో 2136 ఉన్నాయి. అందులో 1026 వాళ్ళ పిల్లలు ఆరేళ్ళ ప్రాథమిక విద్యలో నేర్చుకుంటారు. ఒక్కో అక్షరానికి రెండు మూడు ఉచ్చారణలు. ఇక్కడ తెలుగు మనకి అణాపైసా సాయం చేయదు. 2200 గంటల పట్టికలో ఈ భాగం మనకీ వర్తిస్తుంది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ తన మీదే ప్రయోగాలు చేసుకుని, మనిషి నేర్చినది ఎంత త్వరగా మర్చిపోతాడో 1885లోనే లెక్క కట్టాడు. ఎడమిచ్చి ఎడమిచ్చి తిరిగి చూసుకోవడం తప్ప మందు లేదు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ దానికి అట్టపెట్టె ఉపాయం చెప్పాడు: వచ్చిన మాట చీటీ వెనక అరలోకి, రాని మాట చీటీ మళ్ళీ మొదటి అరలోకి. ఇప్పటి ఫోన్ యాప్‌లు చేసేది ఇదే. రోజూ కొంచెం చొప్పున చేయండి, దాని గురించి ఎక్కువ ఆలోచించకండి.

ఆలోచించాల్సింది నోటి గురించి. సొంతంగా నేర్చుకునేవాళ్ళకి పెద్ద ప్రమాదం మౌనం. జపనీస్ సామర్థ్య పరీక్ష అయిదు మెట్లు, ఎన్-5 కింద, ఎన్-1 పైన. చదవడం, వినడం చూస్తారు గానీ, మాట్లాడించరు. అందువల్ల ఎన్-3 సర్టిఫికెట్ ఉండి, ఉద్యోగంలో మొదటిరోజు పై అధికారి పలకరిస్తే నోరు పెగలనివాళ్ళున్నారు. పాఠం వింటూ, ఆ గొంతు వెనకే అరక్షణం ఆలస్యంగా పైకి చెబుతూ పోండి. ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. మర్యాద విషయంలో భయం వద్దు. పేరు చివర 'సాన్' మన 'గారు' లాంటిది. మన పేరుకి మనం గారు తగిలించుకోం కదా, సాన్ కూడా తగిలించుకోకూడదు. ఎదుటివాళ్ళని బట్టి క్రియ మార్చడం మనకి అలవాటే.

మాట్లాడటానికి మనిషి కావాలి. దానికి ఇప్పుడు మనకి ఊహించని దారి ఒకటి తెరుచుకుంది. 2022 అక్టోబరులో 'ఆర్ఆర్ఆర్' జపాన్‌లో విడుదలై నెలల తరబడి ఆడింది. ఆ సినిమా చూసి తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టిన అభిమానులు అక్కడ ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకుంటున్న పెద్దవాళ్ళే. వాళ్ళకీ మనలాగే మాట్లాడే మనిషి దొరకడు. అరగంట వాళ్ళ భాష, అరగంట మన భాష అని ఒప్పందం చేసుకోండి. తమ వంతు సమయంలో ఇంగ్లీషు ముక్క ఎవరూ వాడకూడదని నియమం పెట్టుకోండి. 'తిని చూడండి' ఎలా చెప్పాలో వాళ్ళకి మీరు వివరించబోయేసరికి వాళ్ళే ముందు నవ్వుతారు. ఒకటి మాత్రం ముందే చెబుతున్నా, రెండో వారానికల్లా కొమరం భీముడి గురించి, అల్లూరి సీతారామరాజు గురించి అడుగుతారు. అసలు చరిత్రలో వాళ్ళిద్దరూ కలిశారా అంటారు. సినిమాలో తప్ప కలిసిన దాఖలా లేదని జపనీస్‌లో ఎలా చెప్పాలో ఇప్పట్నించే సాధన చేసుకోండి.